గిద్దలూరు శాంతమ్మ కోసం ఉపవాసం

ఒక సంసారం చక్కబడాలని ఊళ్ళో సంఘమంతా కూడి ప్రార్థన చేసి, ఆడవాళ్ళు ఉపవాసాలుండి, చివరికి పాస్టరుగారితో సహా బస్సెక్కి పోయి చూస్తే, ఆ సంసారం అచ్చుకాగితాల్లో తప్ప భూమ్మీద ఎక్కడా లేదని తేలితే ఎలా ఉంటుందో మీకు తెలియదు. నాకు తెలుసు. ఆ ఘనకార్యం చేసింది నేనే. 'ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం' అన్నారు పెద్దలు. నా విషయంలో ఆలూ లేదు, మగడూ లేడు, పంచాయితీ మాత్రం గిద్దలూరు బస్టాండులో జరిగింది.

నా పేరు సువార్త. అంటే మంచి కబురు. చర్చిలో ఆ పేరు పెట్టినరోజు, పెద్దయ్యాక నాచేత ఎలాంటి కబుర్లు మోయిస్తారో ఎవరికీ తెలియదు.

మా ఊరు త్రిపురాంతకం దగ్గర. అప్పుడు నేను మార్కాపురంలో డిగ్రీ ఆఖరి సంవత్సరం. మాకు తెలుగులో ఒక నవల పెట్టారు. దాని పేరు చెప్పను, ఇంకా దాని మీద నాకు కోపం పోలేదు. శాంత అని ఒకామె, ప్రభాకర్ అని ఆమె భర్త, ఒక పాప, ఒక బాబు. మొగుడూ పెళ్ళాలకు పడదు. ఒకే ఇంట్లో ఉంటారు, ఒకే కుండలో కూడు తింటారు, ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. ఏదైనా చెప్పాలంటే పిల్లలతో చెప్పిస్తారు. పుస్తకమంతా అదే. ఆ నవల మీద నేను క్లాసులో సెమినార్ ఇవ్వాలి, దానికి మార్కులున్నాయి.

మా సారు మంచివాడే. ఆయన ఇచ్చిన సలహాయే నా కొంప ముంచింది. "పాత్రల్ని పాత్రలనుకోకండి. మీ పక్కింటివాళ్ళు అనుకోండి. ఇంట్లో ఎవరికైనా కథలాగా చెప్పి చూడండి, భయం పోతుంది" అన్నాడు. నాకు భయం పోవడం మాట అటుంచి, ఊరందరికీ బాధ పట్టుకుంది.

ఇక్కడ మా ఇంటి సంగతి కొంచెం చెప్పుకోవాలి. ఆ ఎండాకాలం అమ్మ దర్శిలో పెళ్ళికి పోయినప్పుడు, నాయన ఇంట్లో ఉన్న బర్రెను అమ్మేసి చేలో బోరు వేయించాడు. బోరులో నీళ్ళు పడలేదు, దుమ్ము పడింది. ఆ దుమ్ము నాయన మీసాల మీద ఉండగానే అమ్మ పెళ్ళినుంచి తిరిగొచ్చింది. కొట్టం వైపు చూసింది. అది అమ్మ దూడప్పటినుంచీ పెంచుకున్న బర్రె. అమ్మ అరవలేదు, ఏడవలేదు. "నాతో ఒక్క మాట చెప్పలేదే" అంది. నాయనతో ఆమె మాట్లాడిన ఆఖరి మాట అదే.

ఆ రోజునుంచి మా ఇంట్లో మాటలన్నీ నా మీదుగా పోయేవి. చెల్లెలు కృప ఇంటర్‌లో చేరి హాస్టల్లో ఉండేది కాబట్టి ఆ ఉద్యోగం మొత్తం నాకే వచ్చింది.

"అమ్మీ, మీ నాయనను అన్నానికి రమ్మను" అనేది అమ్మ, నాయన అక్కడే మూడడుగుల దూరంలో కూర్చుని ఉండగా.

"వస్తన్నానని మీ అమ్మకు చెప్పు" అనేవాడు నాయన, పళ్ళెం ముందు కూర్చుంటూ.

"అమ్మా, నాయన వస్తన్నాడంట" అనేదాన్ని నేను. ఆ 'అంట' నా సొంత చేర్పు.

కొన్ని కబుర్లను దారిలో కాస్త తోమి అందించాల్సి వచ్చేది. "మీ నాయనకు సిగ్గుందేమో అడుగు" అని అమ్మ అంటే, "నాయనా, అమ్మ కాళ్ళు కడుక్కోమంటంది" అని చెప్పేదాన్ని. "మీ అమ్మకు నోరెక్కువ" అని నాయన అంటే, "అమ్మా, నాయన కూర బాగుందంటన్నాడు" అనేదాన్ని. అమ్మ నమ్మేది కాదు, కానీ ఇంకొంచెం కూర వేసేది.

ఒక్క కబురు మాత్రం నేను మోయలేకపోయాను. ఒకరోజు పొయ్యి ఊదుతూ అమ్మ అంది: "నీ పరీక్షలు కాంగానే కృపను తీసుకొని హనుమంతునిపాడు పోతా, మా అన్న దగ్గరికి. ఇంక రాను. నువ్వు ఈడుండి మీ నాయనకూ అవ్వకూ వండిపెట్టు. ఈ మాట మీ నాయనకు చెప్పు."

నేను నాయన దగ్గరికి పోయి నిలబడ్డాను. "ఏంది అమ్మీ?" అన్నాడు. "ఏం లేదు నాయనా, మంచినీళ్ళు కావాల్నా?" అన్నాను. ఆ కబురు నా గొంతులోనే ఉండిపోయింది. చెప్పకపోతే జరగదేమో అని ఎక్కడో ఒక పిచ్చి ఆశ.

మీరు ఇప్పటికే అనుకుంటూ ఉంటారు, 'అమ్మాయీ, ఆ నవల మీ ఇల్లే కదా' అని. మీరు తెలివైనవాళ్ళు. నేను పుస్తకం మార్జిన్లో పెన్సిలుతో 'పిల్లల మానసిక సంఘర్షణ, ముఖ్యం' అని రాసుకుని, లేచి పోయి "నాయనా, అమ్మ బిందె ఎత్తమంటంది" అని చెప్పి, మళ్ళీ వచ్చి చదువుకునేదాన్ని. దీపం కిందే చీకటి అంటారు. నేను ఆ చీకట్లో కూర్చుని దీపం మీద వ్యాసం రాస్తున్నాను.

సరే, సారు చెప్పినట్టు కథ చెప్పడానికి మా అవ్వను ఎంచుకున్నాను. అవ్వ అంటే నాయనను కన్నతల్లి. సాయంత్రాలు గడపలో కూర్చుని మిరపకాయలకు తొడిమలు తీసేది. చేతులకు పని, చెవులకు ఖాళీ. ఇంతకంటే మంచి శ్రోత ఎక్కడ దొరుకుతుంది?

"అవ్వా, ఇయాళ నీకు పాత్రల గురించి చెప్తా."

"తోమినావా?"

"ఆ పాత్రలు కాదవ్వా, మనుషులు. శాంత అని ఒకామె, ప్రభాకర్ అని ఆమె మొగుడు."

"మనుషులను పాత్రలంటారా? ఏం కాలేజీ అమ్మీ అది! సరే చెప్పు."

చెప్పాను. ఇద్దరూ మాట్లాడుకోకపోవడం, పాప ఇటూ అటూ తిరగడం, బాబు బడిలో ఎవరితోనూ కలవకపోవడం. అవ్వ చేతిలో మిరపకాయ చేతిలోనే ఆగిపోయింది. లోపల గిన్నెల చప్పుడు కూడా ఆగింది. దాన్ని నేను పట్టించుకోలేదు.

"ఏ ఊరు వాళ్ళది?" అంది అవ్వ.

నవలలో ఊరి పేరు లేదు. 'ఒక పట్నం' అని ఉంది, అంతే.

"ఏదో ఒక ఊరులే అవ్వా."

"ఏదో ఊరేంది? ఊరు లేకుండా మనుషులుంటారా?"

"గిద్దలూరు అనుకో."

ఆ 'అనుకో'ను దయచేసి గుర్తుపెట్టుకోండి. నేను అన్నాను. నిజంగా అన్నాను. కానీ గిద్దలూరు అవ్వ చెవిదాకా చేరింది, 'అనుకో' మిరపకాయల్లో పడిపోయింది. గిద్దలూరే ఎందుకన్నానంటే, మా ఊరినుంచి అక్కడికి ఎవరూ పోరు, ఎవరూ రారు. అబద్ధం దాచిపెట్టడానికి భద్రమైన చోటు అనిపించింది.

"నీకెవురు చెప్పినారు వాళ్ళ కత?"

"మా సారు."

"సారుకు బంధువులా?"

"సారుకు వాళ్ళంటే చానా ఇష్టం అవ్వా" అన్నాను, నా చమత్కారానికి నేనే మురిసిపోతూ.

ఆదివారం చర్చిలో పాటలయ్యాక పాస్టరుగారు ఎప్పటిలాగే "ప్రార్థన మనవులు ఉన్నోళ్ళు చెప్పండి" అన్నారు. ఒకరు మోకాళ్ళ నొప్పులన్నారు. ఒకరు కొడుకు ఉద్యోగమన్నారు. మా అవ్వ లేచి కొంగు తలమీదికి లాక్కుంది.

"గిద్దలూరులో శాంతమ్మ అని మనకు తెలిసిన బిడ్డ ఉందయ్యా. మొగుడూ పెళ్ళాం ఒక ఇంట్లోనే ఉండి మాట్లాడుకోరు. పసిపిల్లకాయలు, ఆడికీ ఈడికీ కబుర్లు మోసి మోసి నలిగిపోతన్నారు. ఆ ఇంటికోసరం ప్రార్థన చేయండయ్యా."

చర్చిలో "అయ్యో" అనే శబ్దం చాపమీదినుంచి చాపమీదికి పాకింది. నేను అవ్వ చీర లాగాను. అవ్వ నా చేతిమీద ఒకటి వేసి, "ఓర్చుకో, ఇప్పుడు బయటికి పోకూడదు" అని గదిమింది. పాస్టరుగారు అప్పటికే కళ్ళు మూసుకున్నారు. ప్రార్థనలో ఉన్న మనిషిని ఆపి 'అయ్యగారూ, ఆ మొగుడూ పెళ్ళాలు లేరు' అని చెప్పే ధైర్యం మీకుందా? నాకు లేదు. ఆయన చాలాసేపు చేశారు. శాంతమ్మ హృదయాన్ని మెత్తబరచమన్నారు, ప్రభాకర్‌కు మాట ఇమ్మన్నారు. అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను, అలవాటుకొద్దీ.

బయటికొచ్చాక అవ్వను పట్టుకున్నాను.

"అవ్వా, ఏం పని చేసినావు! అది కత!"

"కతే మరి. కత గాని సంసారం ఎవురిది?"

మా వైపు వచ్చిన చిక్కే ఇది. పుస్తకంలో రాసిందీ కతే, పక్కింట్లో జరిగేదీ కతే. "వాళ్ళ కత ఏంది?" అని ఎవరైనా అడిగితే గ్రంథాలయానికి పోరు, గోడ దగ్గరికి పోతారు. 'నవల' అని చెప్పి చూశాను. "నవలో, నవ్వులో, పిల్లకాయలు ఏడుస్తంటే నీకు నవ్వులెట్ల వస్తన్నాయే" అని తిట్టింది.

ఇక లాభం లేదని మరుసటి వారం పాస్టరుగారినే కలిశాను. చదువుకున్న మనిషి, అర్థం చేసుకుంటాడని.

"అయ్యగారూ, ఆ శాంతమ్మావాళ్ళు... వాళ్ళు పుస్తకంలో ఉన్నారయ్యగారూ."

ఆయన ముఖం వెలిగిపోయింది. "జీవగ్రంథంలో! ఎంత మంచిమాట అన్నావు తల్లీ! ఆ పుస్తకంలో మన పేర్లు కూడా ఉంటే అంతకంటే ఏం కావాల?" అని నా తలమీద చెయ్యిపెట్టి ఆశీర్వదించి పంపించారు. నేను ఆశీర్వాదం మోసుకుని ఇంటికొచ్చాను.

అక్కడినుంచి శాంతమ్మ నా చేయి దాటిపోయింది. సంఘం వాట్సాప్ గ్రూపులో 'గిద్దలూరు శాంత గారి కుటుంబం' అని రోజూ దండాలు పెట్టిన చేతుల బొమ్మలు వచ్చేవి. బస్సుకోసం నిలబడితే చాలు, దీనమ్మత్త వచ్చి పక్కన చేరేది. దీనమ్మత్త అంటే మా వీధి చివరి ఇల్లు. ఎవరింట్లో కష్టమొచ్చినా ముందు ఆమె కంట్లో నీళ్ళొస్తాయి.

"అమ్మీ, శాంతమ్మ ఎట్ల ఉంది?"

నోరు మూసుకుని 'తెలియదత్తా' అంటే సరిపోయేది. కానీ నేను ముందురోజే తొమ్మిదో అధ్యాయం చదివి ఉన్నాను.

"పాపకు జరమొచ్చిందంట అత్తా. ఇద్దరూ చెరోపక్క కూర్చున్నారంట, అయినా మాట్లాడుకోలేదంట."

"వాళ్ళ పంతాలు పాడుగాను! జరమొచ్చిన బిడ్డ నెత్తిమీద కూడానా?" అని అక్కడే కళ్ళొత్తుకుంది. ఆ సాయంత్రానికి గ్రూపులో పాప జ్వరం కోసం వేరే ప్రార్థన. పదో అధ్యాయంలో పాపకు తగ్గింది. గ్రూపంతా స్తోత్రాలు. నవల రాసినాయనకు అన్ని స్తోత్రాలు ఎప్పుడూ వచ్చి ఉండవు.

అప్పటికి నాకు ఇది కాస్త సరదాగా కూడా ఉండింది, దాచుకోవడమెందుకు. శుక్రవారం వచ్చేదాకా. శుక్రవారం ఉపవాస ప్రార్థన పెట్టారు. ఆడవాళ్ళు పొద్దున ఏమీ తినకుండా మిరపచేలోకి కూలికి పోయారు. ఎండ ఎట్లుంటుందో మీకు తెలుసు. మధ్యాహ్నం బస్సు దిగి వస్తూ చేను పక్కన నడుస్తుంటే, దీనమ్మత్త గట్టుమీద కూర్చుని నీళ్ళతో నోరు తడుపుకుంటోంది, మింగకుండా ఉమ్మేస్తోంది. ఆమె పక్కన మా అమ్మ.

నా ముఖం మార్కాపురం పలకలా నల్లబడిపోయింది. అచ్చులో తప్ప లేని మనిషి కోసం వీళ్ళు కడుపు మాడ్చుకున్నారు. ఇంటికిపోగానే అమ్మకు చెప్పేయాలనుకున్నాను.

ఇంటికొచ్చి అమ్మ గడపలో కూర్చుంది. నేను నోరు తెరిచేలోపల ఆమే అడిగింది. శాంతమ్మ ఇంటి గురించి అమ్మ నన్ను అడగడం అదే మొదటిసారి. అవ్వకు కథ చెప్పినరోజు వంటింట్లో గిన్నెల చప్పుడు ఎందుకు ఆగిందో నాకప్పుడు తెలిసింది.

"అమ్మీ, ఆ పెద్దపిల్ల... కబుర్లు మోసేది... ఎట్ల ఉంది?"

"బాగానే ఉందమ్మా."

"బాగా ఎట్లుంటది?" అంది అమ్మ. "దానికి అన్నం సయించేది గాదు. అట్లాంటి పిల్లకాయలకు సయించదు" అంది, నా పళ్ళెం వైపు చూసి.

అది కతమ్మా అని ఎట్లా చెప్పను? చెప్పలేదు.

గోరుచుట్టు మీద రోకటిపోటు తర్వాతి ఆదివారం పడింది. "ఇన్ని దినాలు ఈడనుంచి ప్రార్థన చేసినాం. పోయి ఆ ఇంటిని ఒకసారి దర్శిద్దాం" అన్నారు పాస్టరుగారు. అవ్వ మొదట చెయ్యెత్తింది. అవ్వను ఒంటరిగా పంపకూడదని నాయన చెయ్యెత్తాడు.

"ఆ ప్రభాకర్‌తో నేను మాట్లాడతా. మొగోడి బాధ మొగోడికి తెలుస్తది" అన్నాడు నాయన.

ఆడవాళ్ళ వైపునుంచి అమ్మ లేచింది. "నేనూ వస్తా. ఆ శాంతమ్మతో నాకు పనుంది" అంది.

మీరు నవ్వుతున్నారు. నవ్వండి. తమ ఇంట్లో నిప్పు పెట్టుకుని పక్క ఊరికి నీళ్ళబిందెతో బయల్దేరినవాళ్ళను నేను ఇద్దరిని చూశాను, ఇద్దరూ నన్ను కన్నవాళ్ళే.

దారి చూపించేది నేను కాబట్టి నన్నూ ఎక్కించారు. మార్కాపురంలో బస్సు మారాం. అమ్మ ఒళ్ళో శాంతమ్మ కోసం గోంగూర పచ్చడి సీసా. నాయన ముందు సీట్లో, అమ్మ వెనక సీట్లో, నేను మధ్యలో.

"అమ్మీ, టిక్కెట్లు తీసుకోమని మీ నాయనకు చెప్పు."

"తీసుకున్నానని మీ అమ్మకు చెప్పు."

"కిటికీ ముయ్యమని చెప్పు, అవ్వకు గాలి కొడతంది."

కండక్టరు నన్ను జాలిగా చూశాడు. ఆ దారిలోనే నవల చివరి అధ్యాయం చదివాను. అంతవరకు చదవనేలేదు, మంచిగా ముగుస్తుందన్న నమ్మకంతో. మంచిగా ముగిస్తే ఎవరు పాఠ్యపుస్తకం చేస్తారు? శాంత పుట్టింటికి పోయింది. బాబు ఆమెతో. పాప తండ్రి దగ్గర, వంట చేస్తూ. చివరి పేజీలో ఆ పాప పొయ్యి ముందు కూర్చుని ఉంది. ఏమీ జరగదు, ఊరికే కూర్చుని ఉంటుంది. ముందు సీట్లో నాయన మెడ, వెనక అమ్మ గాజుల చప్పుడు. అప్పటిదాకా ఎన్నో పెన్సిలు గీతలు గీసినదాన్ని, ఆ పేజీ మీద ఒక్కటీ గీయలేకపోయాను.

గిద్దలూరు బస్టాండులో దిగాం. పాస్టరుగారు చొక్కా సర్దుకుని, "ఏ వీధి తల్లీ?" అన్నారు.

"వాళ్ళు... వాళ్ళు లేరంట అయ్యగారూ. ఇల్లు ఖాళీ చేసినారంట."

"యాడికి పోయినారు?" అంది అవ్వ.

"శాంతమ్మ పుట్టింటికి."

అమ్మ చేతిలో పచ్చడి సీసా జారబోయి ఆగింది. "పిల్లకాయలు?"

"పాపను నాయన దగ్గర వదిలేసింది. వంట చేసి పెడుతూ ఉందంట."

అమ్మ బస్టాండు బెంచీ మీద కూలబడింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు. నాయన ముందుకొచ్చాడు. "ఎవురు చెప్పినారు నీకు? ప్రభాకర్ నెంబరుందా? ఇయ్యి, ఇప్పుడే మాట్లాడతా. పెళ్ళాం పోతంటే చూస్తా ఊరుకున్నోడు మొగోడేనా!" అని ఫోన్ తీశాడు.

ఇక దారుల్లేవు. సంచీలోంచి పుస్తకం తీశాను.

"నెంబరు లేదు నాయనా. వాళ్ళు ఇందులో ఉన్నారు. ఇది పరీక్షకు పెట్టిన పుస్తకం. శాంతమ్మ లేదు, ప్రభాకర్ లేడు. గిద్దలూరు అనుకో అని అవ్వతో అన్నా, అంతే."

పాస్టరుగారు "పుస్తకంలో ఉన్నారంటే... ఈ పుస్తకమా?" అని నెమ్మదిగా అడిగి, పక్కకు తిరిగి దగ్గారు. అవ్వ పుస్తకం చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇంత ఇరుకులో ఉండి గూడా మాట్లాడుకోలేదా, సచ్చినోళ్ళు" అంది.

నాయన ముఖం ఎర్రబడింది. చెయ్యి ఎత్తాడు, దించాడు. గిరుక్కున తిరిగాడు. నా వైపు కాదు.

"చూసినావా నీ కూతురు చేసిన పని!"

"నా కూతురా!" అమ్మ బెంచీమీదినుంచి లేచింది. "మార్కులొస్తే నీ కూతురు, ఇట్లాంటియి చేస్తే నా కూతురా? కాలేజీలో చేర్పించింది ఎవురు?"

"నేను చేర్పించింది చదువుకోడానికి! ఊరిని ఊరేగించడానికి గాదు!"

"నువ్వు చేసే పనులకంటే నయమేలే! అదేం బర్రెను అమ్మలేదు గదా!"

"అమ్మినా! బోరు పడితే నీకు కష్టం తప్పుతదని అమ్మినా!"

"ఒక్క మాట నాతో చెప్పినావా?"

"చెప్తే ఒప్పుకుంటావా?"

"అడిగి చూస్తే గదా తెలిసేది!"

నాయన ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. అమ్మ గొంతు పగిలింది. "పోతన్నా అని చెప్పి పంపినా. హనుమంతునిపాడు పోతా, ఇంక రాను అని. ఆ మాటకైనా నువ్వు నోరు తెరుస్తావేమో అని చూసినా. పోవద్దని ఒక్క మాట అనలేదే!"

"ఏంది?" అన్నాడు నాయన. "యాడికి పోతావు? నాకెవురు చెప్పినారు?"

ఇద్దరూ ఒకేసారి నా వైపు తిరిగారు.

నేను ఆ ఒక్క కబురు దాచి ఇల్లు కాపాడుతున్నాననుకున్నాను. అమ్మ ఇన్నాళ్ళూ దానికి జవాబు కోసం చూస్తోందని నాకేం తెలుసు? నా నాలుక అలవాటు ప్రకారం కదిలింది. "నాయనా, అమ్మ ఏమంటందంటే..."

"నువ్వు మధ్యలో మాట్లాడబాకు!" అన్నారిద్దరూ, ఒకే గొంతుతో.

అట్లా నా ఉద్యోగం ఊడింది. గిద్దలూరు బస్టాండులో, అందరూ చూస్తుండగా. నేను వెక్కి వెక్కి ఏడ్చాను. పుస్తకం కోసం ఏడుస్తున్నాననుకుని అవ్వ దాన్ని నా చేతిలో పెట్టి, "వాళ్ళ జోలికి పోబాకు, మధ్యలో పోతే కాళ్ళిరగ్గొడతా" అని పక్కకు లాక్కుపోయి, పాస్టరుగారి చేత నాకు సోడా ఇప్పించింది.

వాళ్ళు తిరుగుబస్సు వచ్చేదాకా పోట్లాడుకున్నారు. బస్సెక్కి పక్కపక్కన కూర్చుని పోట్లాడుకున్నారు, అరుచుకోవడానికి అదే వీలు కాబట్టి. కంభం దగ్గరికి వచ్చేసరికి గొంతులు తగ్గాయి. వెనక సీట్లోంచి చెవులు రిక్కించి విన్నాను. "తప్పే" అన్నాడు నాయన. కాసేపటికి మళ్ళీ, "పోబాకు" అన్నాడు. బస్సు ఆగినచోట నాయన జామకాయలు కొని "ఇంద" అని నేరుగా అమ్మ చేతికిచ్చాడు. "ఉప్పూ కారం పెట్టియ్యలేదా?" అంది అమ్మ. ఆ రాత్రి అన్నంలోకి శాంతమ్మ పచ్చడి సీసా విప్పారు. "ఉప్పెక్కువైంది" అన్నాడు నాయన. "నీకోసం పెట్టింది గాదు" అంది అమ్మ. నా ద్వారా ఒక్క మాటా పోలేదు. ఎంత కమ్మటి భోజనమో చెప్పలేను.

ఆదివారం అవ్వ సాక్ష్యం చెప్పడానికి లేచింది. నేను మళ్ళీ ఆమె చీర పట్టుకున్నాను.

"మనం చేసిన ప్రార్థన వృథా పోలేదయ్యా" అంది అవ్వ. "గిద్దలూరులో మొగుడూ పెళ్ళాం మాట్లాడుకున్నారు. నా కళ్ళతో నేను చూసినా."

అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు. పాస్టరుగారు నా వైపు చూసి, దగ్గి, ఆమెన్ అన్నారు.

"పిల్లకాయలు ఎట్ల ఉండారు?" అంది దీనమ్మత్త, కళ్ళొత్తుకుంటూ.

నేను తల వంచుకున్నాను. పక్కనుంచి అమ్మ జవాబు చెప్పింది. "పిల్లకాయలు బాగుండారక్కా. అన్నం తింటన్నారు."

పరీక్షలయ్యాక అమ్మ, ఈసారి నాయనతో తానే చెప్పి, హనుమంతునిపాడు పోయింది. వదినెతో పడక వారం తిరక్కుండానే తిరిగొచ్చింది. అమ్మానాయనా ఆదర్శ దంపతులేమీ కాలేదు, రోజూ అరుచుకుంటారు. ఆ అరుపులు నాకు సంగీతం. పరీక్షలకు ముందు జరిగిన సెమినార్లో సారు "ఆ పాప గురించి నీ అభిప్రాయం?" అని అడిగితే, నేను రాసుకున్న మానసిక సంఘర్షణ ఒక్క ముక్క గుర్తు రాలేదు. "ఎవరో ఒకరు ఆ పిల్లను మధ్యలో మాట్లాడొద్దని తిట్టి ఉండాల్సింది సార్" అన్నాను. సారు ఏదో రాసుకున్నాడు.

ఇప్పుడు నేనే పిల్లలకు తెలుగు పాఠాలు చెప్తున్నాను, నవలలతో సహా. కాబట్టి మా సంఘం ఎదుట, ఎండలో ఆకలితో మిరపకాయలు కోసిన దీనమ్మత్త ఎదుట, మింగని ఆ నీళ్ళ సాక్షిగా గంభీరంగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో ఏ నవలలోని మనుషులనూ గిద్దలూరులో కాపురం పెట్టించను. 'అనుకో' అనే మాట ముందు చెప్పి, అవతలివాళ్ళు విన్నారని రూఢి చేసుకున్నాకే ఊరి పేరు ఎత్తుతాను.

అమ్మానాయనా మళ్ళీ ఎప్పుడైనా మాటలు మానేస్తే మాత్రం, ఈ ప్రమాణం చెల్లదు. ఈసారి శాంతమ్మావాళ్ళను దర్శిలో పెడతాను. మాకు కాస్త దగ్గర.